మర నోరు కడిగిన గింజలు

పిండిమర ఆడించే మరపిల్లకి ఒక పట్టింపు ఉంది. పొద్దున్నే మోటారు వేశాక ముందుగా ఎవరి గింజా తొట్టిలో పొయ్యదు. తన ఇంటి గింజ నాలుగు గుప్పిళ్ళు పోసి ఆడిస్తుంది. రాత్రంతా జల్లెడ కన్నాల్లో ఇరుక్కుని ముక్కిపోయిన పిండి, ఇనుము వాసన, పొరపాటున ఏ పురుగైనా దూరి పడుకుని ఉంటే ఆ పురుగు, అన్నీ ఆ నాలుగు గుప్పిళ్ళతో కొట్టుకుపోవాలి. దీనికి ఆమె పెట్టుకున్న పేరు మర నోరు కడగడం. పాచినోటితో మనిషి దగ్గరకొచ్చి మాట్లాడితే మనం మొహం తిప్పుకోమూ? మరకి మాత్రం ఆ మర్యాద అక్కర్లేదా? అదీ ఆమె వాదన. ఊరి చివర పెద్దమరలో ఇలాంటి మర్యాదలేమీ లేవు. అక్కడ ఒకరి పిండి కొంత ఇంకొకరికి పోతుంది, ఎవరూ పట్టించుకోరు. పట్టించుకునేవాళ్ళు, ముఖ్యంగా పసిపిల్లలున్నవాళ్ళు, కాస్త ఆలస్యమైనా చిన్నమరకే వస్తారు.

చిన్నమర అంటే పెద్ద భవంతేం కాదు. మేనత్త ఇంటి ముందుగది. గది మధ్యలో నడుమెత్తు మర, దాని పైన రేకు తొట్టి, కింద పిండి దిగే గొట్టానికి తాడుతో బిగించిన గుడ్డ తొడుగు, కిటికీ పక్కన తూకం, గోడవార వచ్చినవాళ్ళు కూర్చోవడానికి ఒక బల్ల. ఈడువాళ్ళంతా పట్నంలో ఎవరి దుకాణంలోనో ఎవరి గోదాములోనో నిలబడి పనిచేస్తుంటే ఈ పిల్ల మాత్రం 'నా మర నాది' అని ఈ గదిలో పాతుకుపోయింది. కనుబొమల మీద పిండి, వెంట్రుకల్లో పిండి. దగ్గితే పిండి రాలుతుందని అత్త వెక్కిరింత. ఊళ్ళోవాళ్ళకి ఆమె అసలు పేరు గుర్తుందో లేదో కూడా అనుమానమే.

ఆ రోజు పొద్దున్న అత్త ఒక చిన్న సంచి తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఇదిగో, ఇవాళ్టినుంచి నీ మర మూతి దీంతో కడుగు. బంగారంలాంటి గోధుమలు రోజూ కోళ్ళపాలు చేస్తున్నావు. చూస్తుంటే నా కడుపు తరుక్కుపోతోంది."

"ఏంటత్తా ఇవి?"

"మొక్కజొన్న. వ్యాన్‌వాడు తెచ్చాడు, కారుచవక. వీధివీధంతా ఎగబడి కొన్నారు. మన తిండికి కాదులే, చూడ్డానికి కాస్త వెలిసిపోయినట్టున్నాయి. మర నోటికి ఏ గింజైతే ఏంటి?"

మరపిల్ల మామూలుగా ఎవరి గింజ వచ్చినా అరచేతిలో పోసుకుని వాసన చూస్తుంది, ఒకటి కొరికి చూస్తుంది. రాయి తగిలితే చెరిగి తెమ్మంటుంది, చెమ్మ తగిలితే ఎండబెట్టి తెమ్మంటుంది. గింజ ముక్కు వంకరగా ఉందని కూడా వెనక్కి పంపుతుందని అత్త ఎగతాళి చేస్తుంటుంది. అలాంటిది ఆ పొద్దున్న వాసన చూడలేదు, కొరకలేదు. తినేది కాదు కదా అనుకుంది. నాలుగు గుప్పిళ్ళు పోసింది. ఆడిన పిండిని కోళ్ళ డబ్బాలోకి దులిపింది. తొడుగుని అరచేత్తో ఎడాపెడా చరిచింది. ఎంత చరిచినా తొడుగు మడతల్లో గుప్పెడు పిండి మిగులుతుంది, అది తర్వాతవాళ్ళ పిండితోనే దిగుతుంది. ఇది ఏ మర చేసేవాళ్ళకైనా తెలిసిన సంగతే.

ముందుగా వచ్చింది మిషనక్క. ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని ఊరివాళ్ళ బట్టలు కుడుతుంది. భుజం మీద టేపు తీయడం మర్చిపోయి అలాగే వచ్చేసింది. కూతురు జావకోసం గోధుమలు తెచ్చింది.

"మెత్తగా పట్టవే. మొన్నటిది కాస్త బరకగా ఉందని మా బుజ్జిది ఉమ్మేసింది. దానికి నాలుక కాదు, జల్లెడ."

"మీ అమ్మాయి మెచ్చితే ఇంక నాకు ఊళ్ళో తిరుగులేదక్కా."

ఆమె తర్వాత గేదెల తాత. ఆయన తర్వాత బడి వంటామె. ఆవిడది పెద్ద బస్తా, మర్నాడు పిల్లలకి రొట్టెలకి. మరపిల్ల తొట్టి కింద పలక సర్దుతూ, గొట్టం దగ్గర పిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూస్తూ, పిండి వేడెక్కితే ధార తగ్గిస్తూ, మధ్యాహ్నం దాకా తల ఎత్తలేదు. ఎండ పెరిగాక జనం పల్చబడ్డారు. మోటారు ఆపి, తొడుగు విప్పి, పెరట్లోకి తీసుకెళ్ళి బకెట్లో ముంచింది.

నీళ్ళు ఎర్రబడ్డాయి.

ముందు చెయ్యి తెగిందనుకుంది. తాడు విప్పేటప్పుడు తీగ గీసుకుందేమోనని అరచేతులు తిప్పి తిప్పి చూసుకుంది. ఎక్కడా గాటు లేదు. తొడుగు పిండింది, ఆ నీళ్ళు పారబోసింది, కొత్త నీళ్ళు పోసి మళ్ళీ ముంచింది. ఈసారి ఎరుపు కాదు, లేత గులాబీ. తెల్ల పిండి నీళ్ళలో గులాబీ రంగు ఎక్కణ్ణుంచి వస్తుంది?

అప్పుడు అత్త ఇచ్చిన సంచి గుర్తొచ్చింది. పరుగెత్తి లోపలికెళ్ళి మిగిలిన గింజలు గిన్నెలో పోసి తడిపి గట్టిగా నలిపింది. గింజ మొదట్లో, కండెకి అతుక్కునే చోట, ఎవరో ఎంతో ఓపిగ్గా కడిగినా పోని రంగు దాక్కుని ఉంది. అది ఇప్పుడు నాని ఆమె వేళ్ళకి అంటింది. విత్తనం. తినే గింజ కాదు, నాటే గింజ. పురుగు ముట్టకుండా మందు పట్టిస్తారు, మనిషి తినకుండా రంగు వేస్తారు. వ్యాన్‌వాడు అమ్ముడుపోని విత్తనాన్ని రంగు కడిగి, ఎండబెట్టి, తిండిగింజని చెప్పి అంటగట్టాడు. రంగు పోయింది కానీ మందు పోయిందో లేదో దేవుడికే తెలియాలి.

గిన్నె పట్టుకుని పెరట్లోకి వచ్చింది. పెరటిగట్టు మీద అలాగే కూలబడింది. తన చేత్తో తనే పోసింది. మర శుభ్రంగా ఉండాలని పోసింది! ఆ తర్వాత మిషనక్క, తాత, వంటామె. ముగ్గురి పిండీ ఆ తొడుగులోంచే దిగింది.

అత్త వచ్చి గిన్నెలోకి తొంగి చూసింది. విషయం విన్నది. మొహం పాలిపోయింది. కానీ అత్త అంత తేలిగ్గా పడిపోయే మనిషి కాదు.

"నాలుగు గుప్పిళ్ళు పోస్తే ఊరంతా చచ్చిపోతుందా ఏంటి? గంట అయింది కోళ్ళకి ఆ పిండి పెట్టి. చూడు, నిక్షేపంలా కుప్ప తవ్వుకుంటున్నాయి."

"కోళ్ళకి పసిపిల్లలకీ ఒకటేనా అత్తా?"

"కందకి లేని దురద కత్తిపీటకెందుకే? తిన్నవాళ్ళు ఏమీ అనలేదు, నువ్వెళ్ళి నీ నోటితో చెప్తావా?" అత్త గొంతు తగ్గించి దగ్గరకొచ్చింది. "చూడు పిల్లా. నేను నీ చెడు కోరి చెప్పట్లేదు. 'దాని మరలో మందు కలిసిందట' అని ఒక్క నోట పడిందంటే చాలు. ఊరి నోటికి మూకుడు వెయ్యలేం. ఆ తర్వాత ఈ మర పాత ఇనుముకి తప్ప ఎందుకూ కొరగాదు. అప్పుడు నువ్వూ పట్నం బస్సు ఎక్కాల్సిందే, ఎవరి దుకాణం ముందో నిలబడాల్సిందే."

అత్త చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. అందుకే భయం ఎక్కువైంది. మరపిల్ల చెంబుతో నీళ్ళు ముంచుకుంది.  ఊరుకుంటే? ఎవరికీ ఏమీ కాకపోవచ్చు. నిజంగానే కాకపోవచ్చు. ఆ మాట తనకి తానే చెప్పుకుంటూ మొహం కడుక్కుంది, తుడుచుకుంది, మళ్ళీ కడుక్కుంది. మిషనక్క కూతురు బరకగా ఉందని ఉమ్మేసే ఆ చిన్న నోరు కళ్ళముందు నుంచి కదల్లేదు. చివరికి చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. వెనకనుంచి అత్త "కొరివితో తల గోక్కుంటోంది, నా కర్మ!" అని కేకలేస్తూనే ఉంది.

వీధిలోకైతే వచ్చింది. ఎటు వెళ్ళాలి? కుడివైపు మిషనక్క ఇల్లు. ఎడమవైపు గేదెల తాత కొట్టం. నిజానికి ముందు వెళ్ళాల్సింది కుడివైపే. మర నోరు కడిగిన వెంటనే దిగిన పిండి ఆమెదే, మందు ఎక్కువ పడి ఉంటే ఆమె సంచిలోనే పడి ఉంటుంది. అది మరపిల్లకి తెలుసు. తెలిసే ఎడమవైపు తిరిగింది. తాత ఎవర్నీ పల్లెత్తు మాట అనడు. ముందు అక్కడ చెప్పి, నోరు కాస్త పెగిలాక, ధైర్యం కూడగట్టుకుని అక్క దగ్గరకి వెళ్దాం అనుకుంది. పిరికితనానికి ఎప్పుడూ ఏదో ఒక సాకు చేతికందుతుంది.

తాతకి చెవుడని మాత్రం ఆ కంగారులో మర్చిపోయింది.

"తాతా, పొద్దున పట్టిన పిండి వాడకు."

"ఆఁ? గేదె ఈనలేదమ్మా, ఇంకా వారం పడుతుంది."

"పిండి తాతా! పిండి వాడొద్దు!"

"ఎందుకు వద్దు?"

"మందు కలిసింది!"

"ఏం కలిసింది?"

చేసేది లేక గొంతు చించుకుని అరిచింది. "మందు! పురుగులమందు! నా మరలో కలిసింది తాతా!"

ఎదురింటి అరుగు మీద బియ్యం ఏరుతున్న ఇద్దరు ఆడవాళ్ళు చాటలు పట్టుకుని అలాగే ఉండిపోయారు. సైకిల్ మీద వెళ్తున్నాయన కాలు నేలకానించి ఆగాడు. గుట్టుగా చెబుదామని వచ్చిన మాట వీధి మధ్యలో దండోరా అయిపోయింది. తాత మాత్రం లోపలికెళ్ళి డబ్బా తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "తీసుకెళ్ళమ్మా. నేనింకా మూతే తియ్యలేదు. ఎందుకంత వణుకుతున్నావు, కూర్చో, మజ్జిగ తాగు" అన్నాడు. ఆ దయకి ఆమెకి ఏడుపొచ్చింది. కూర్చోకుండా బయటపడింది. తిరిగొచ్చేదారిలో వంటామె ఇల్లు తగిలింది. అక్కడ కూడా చెప్పేసి వెళ్దాం అనుకుంది. మళ్ళీ అదే సాకు, ఇంకో గడప.

వంటామె బస్తా మూతి విప్పబోతున్నదల్లా ఆగిపోయింది. కేకలెయ్యలేదు. బస్తాకి రెండు ముళ్ళు ఎక్కువ వేసి, గోడవైపు తిప్పి పెట్టింది.

"రేపు పిల్లలకి ఏం పెట్టమంటావు?"

"నా దగ్గర మంచి గోధుమలున్నాయి పిన్నీ. మర విప్పి కడిగి, రాయితోనైనా సరే విసిరి పొద్దున్నే తెస్తాను."

"తే. ముందు నా కళ్ళముందు ఒక గిన్నె నీళ్ళలో వేసి చూపించి మరీ ఇయ్యి." ఆవిడ ఆమె మొహంలోకి తేరిపార చూసింది. "మిషనింటికి వెళ్ళావా? నాకంటే ముందు అదే కదా పట్టించుకెళ్ళింది."

"ఇంకా లేదు పిన్నీ."

"లేదా!" వంటామె గొంతు మొదటిసారి లేచింది. "బస్తా రేపటిది. చెవిటి ముసలాయన ఒంటిగాడు. పసిపిల్ల ఉన్న ఇల్లు ఆఖర్న పెట్టుకున్నావా? పరిగెత్తవే!"

పరుగెత్తింది. చెప్పు తెగితే రెండోది కూడా వదిలేసి పరుగెత్తింది. మిషనక్క ఇంటి ముందుకి వచ్చేసరికి లోపలినుంచి మిషను చప్పుడు తాపీగా వినిపిస్తోంది. కాస్త ఊపిరొచ్చింది. గుమ్మంలోంచి చూసింది. బుజ్జిది గుడ్డపేలికల మధ్య చతికిలబడి ఒక ఎర్రపేలికని నెత్తికి చుట్టుకుంటోంది. దాని పక్కన గిన్నె. గిన్నె అడుగున జావ చుక్క కూడా లేదు.

"అక్కా, పొద్దున పిండి..."

"బ్రహ్మాండంగా ఉందే. చూడు, ఇప్పుడే గిన్నె నాకేసింది. ఎన్నాళ్ళకి..."

మరపిల్ల మొహం చూసి మిషనక్క మాట మధ్యలోనే ఆపేసింది. మిషను చక్రం మీద చెయ్యి పెట్టి ఆపింది. సూది గుడ్డలో గుచ్చుకుని ఉండిపోయింది. మరపిల్ల చెప్పింది. ఏ మాట ముందు చెప్పిందో, ఏది తర్వాత చెప్పిందో ఆమెకే తెలియదు. నోరు కడగడం, తొడుగు, గులాబీ నీళ్ళు. చెప్తున్నంతసేపూ పాప మొహాన్నే చూస్తోంది. చెప్పడం అయ్యేలోపే పాప ఒకసారి తేన్పింది, బిక్కమొహం వేసింది, తాగిన జావంతా ఒళ్ళోని పేలికల మీద కక్కింది.

గోడ అవతల పక్కింటావిడ తల పెట్టింది. "అయ్యో అయ్యో, నేనప్పుడే విన్నానమ్మా. తాత కొట్టం మీదుగా వస్తూ, ఈ పిల్ల తాతతో అరుస్తుంటే విన్నాను. ఎంతసేపైందో! ఇక్కడికి ముందే వచ్చి ఉంటుందిలే అనుకున్నా."

మిషనక్క పిల్లని ఎత్తుకుని లేచింది. పెదాలు తెల్లగా అయిపోయాయి. "అక్కడికి వెళ్ళి, ఆ తర్వాత ఇక్కడికొచ్చావా?" అంది. తిట్టింది కాదు, అడిగింది. మరపిల్ల ఆరోగ్యకేంద్రం దాకా వాళ్ళ వెనకే పరుగెత్తింది.

ఆరోగ్యకేంద్రం నర్సు ముందు పాప కళ్ళు చూసింది, నాడి పట్టుకుంది, ఎంత తిన్నదో, ఎప్పుడు తిన్నదో అడిగింది. పిండీ గింజలూ తెమ్మంది. మరపిల్ల వెళ్ళి రెండూ తెచ్చింది. "మందువల్లే కక్కిందని చెప్పలేను, కాదనీ చెప్పలేను. పసిపిల్లలు ఊరికే కూడా కక్కుతారు. ఇవాళ ఇక్కడే ఉంచండి, చూద్దాం" అంది నర్సు. చూద్దాం అన్న మాటంత భయంకరమైన మాట ఇంకోటి ఉండదని మరపిల్లకి ఆ సాయంత్రం తెలిసింది. వరండా బల్ల మీద ఒక కొసన మిషనక్క, ఇంకో కొసన తను. లోపల పాప మూలిగినప్పుడల్లా ఇద్దరూ ఒకేసారి లేస్తున్నారు. కాసేపటికి మిషనక్క ఆమెవైపు చూడకుండానే అంది:

"నువ్వు ఇంటికెళ్ళు. నా ఎదురుగా కూర్చోకు. నిన్ను చూస్తుంటే నాకు భయమేస్తోంది."

మర్నాడు పొద్దున్నే వంటామెకి గోధుమపిండి ఇచ్చి వచ్చింది. పాత తిరగలి మీద విసిరిన పిండి, అరచేతులు బొబ్బలెక్కాయి. ఆవిడ అన్నంత పనీ చేసింది, గిన్నెలో నీళ్ళు పోసి పిండి వేసి కలిపి, వెలుతురులోకి తీసుకెళ్ళి చూసి మరీ తీసుకుంది.

ఆ తర్వాత మరపిల్ల మరని నిలువునా విప్పేసింది. బెల్టు తీసింది, జల్లెడ తీసింది, గింజని కొట్టే లోపలి సుత్తులు ఒక్కొక్కటీ ఊడదీసి వేడినీళ్ళలో వేసి నారతో రుద్దింది. మర లోపలి మూలల్లో చెంచా తోకకి గుడ్డ చుట్టి గీకింది. కడిగినవన్నీ ముందు వాకిట్లో పాతచీర పరిచి ఎండలో పెట్టింది. చేతులకి పని ఉంటే ఆరోగ్యకేంద్రం గుర్తురాకుండా ఉంటుందేమో అనుకుంది. ఏం లేదు. ప్రతి సుత్తి దగ్గరా గుర్తొచ్చింది.

వాకిట్లోంచి వీధి అంతా కనిపిస్తుంది. నెత్తిన సంచులు పెట్టుకున్న ఆడవాళ్ళు ఆమె గుమ్మం దగ్గరకి వచ్చేసరికి వీధికి ఆ పక్కకి తప్పుకుని పెద్దమరవైపు వెళ్తున్నారు. కొందరు జాలిగా చూశారు. కొందరు చూడనట్టు పోయారు. నిన్నటిదాకా 'చిన్నమర పిండే పిండి' అన్న ఒకావిడ చీర పరిచిన చోటుని అంటుముట్టు ఉన్నట్టు దూరంగా చుట్టి నడిచింది. మరపిల్ల తల వంచుకుని జల్లెడ తుడిచింది. తుడిచినదే తుడిచింది.

పెద్దమర ఆయన కూడా వచ్చాడు. బండి ఆపి, దిగకుండానే, విప్పిన మరని కింద నుంచి మీద దాకా చూశాడు. పెద్ద బొజ్జ, దానికి తగ్గ నవ్వు.

"ఏంటమ్మాయ్, మరకి తలంటు పోస్తున్నావా?"

వెనక్కూర్చున్నాయన పకపకా నవ్వాడు. ఈయన ఇంకో మాట వదిలాడు. "మర అన్నాక తిప్పాలి, అంతే. నోళ్ళు కడగడాలూ మూతులు తుడవడాలూ మొదలుపెడితే ఇదిగో, ఇలాగే అవుతుంది. మా నాన్న కాలంనుంచి తిప్పుతున్నాం, ఒక్క మాట పడ్డామా?"

మరపిల్ల జల్లెడ తిప్పి రెండోవైపు తుడవసాగింది.  ఆయన మాటకి ఉడుకుమోత్తనం కూడా రాలేదు. భయం ఉన్నచోట కోపానికి చోటుండదు. బండి వెళ్ళిపోయింది.

ఎండ వాలుతుండగా మిషనక్క వీధిలోకి వచ్చింది. భుజం మీద పాప. చేతులు వేలాడేసి, తల వాల్చేసి ఉంది. మరపిల్ల చేతిలో సుత్తి కింద పెట్టింది. లేచి నిలబడింది కానీ అడుగు ముందుకి పడలేదు. మిషనక్క ఆమె ముందునుంచే నడిచింది. రెండడుగులు దాటాక, వెనక్కి తిరక్కుండా, "పడుకుంది అంతే. బాగానే ఉంది" అంది.

అంతే, ఇంకో మాట లేదు. క్షమించాననీ లేదు, మళ్ళీ వస్తాననీ లేదు. మరపిల్ల ఆ సుత్తుల మధ్యే కూర్చుని, ఆపుకున్న ఏడుపంతా ఏడ్చింది. అత్త కాసేపు గుమ్మంలో నిలబడి చూసి, వచ్చి పక్కన కూర్చుని సుత్తులు తుడవడం మొదలుపెట్టింది.

మూడోరోజు మర బిగించి, మంచి గోధుమ పోసి ఆడించి, తొడుగు నీళ్ళలో ముంచి చూసింది. నీళ్ళు తెల్లగా ఉన్నాయి. మళ్ళీ ఆడించి, మళ్ళీ ముంచింది. తెల్లగానే ఉన్నాయి. అయితే ఏం లాభం? చూడ్డానికి ఎవరున్నారు? పొద్దుట్నుంచీ బల్ల మీద ఈగ కూడా వాలలేదు. అత్త రెండుసార్లు నోరు తెరిచి మూసి, మూడోసారికి చెప్పేసింది. మోటారు ఎవరో అడుగుతున్నారట. నీళ్ళు తోడుకోవడానికి పనికొస్తుందట. మరపిల్ల మోటారు మీద చెయ్యి వేసి నిలబడింది. ఇంకా వెచ్చగానే ఉంది.

"రెండు రోజులాగు అత్తా" అంది. రెండు రోజుల తర్వాత ఏమవుతుందో ఆమెకీ తెలియదు.

మధ్యాహ్నం, వీధిలో కుక్కలు కూడా నీడ వెతుక్కుని పడుకున్న వేళ, గుమ్మంలో వెలుగుకి ఎవరో అడ్డొచ్చారు. పెద్దమర ఆయన. బండి లేదు, వెంట మనిషి లేడు, నడిచొచ్చాడు. చంకలో ఏదో చుట్ట పెట్టుకున్నాడు. మోటారు అడిగింది ఈయనేనన్నమాట అనుకుంది మరపిల్ల.  బేరానికి వచ్చినవాడికి ఇంత త్వరగా ఎదురుపడాల్సి వస్తుందనుకోలేదు.

"కూర్చోండి బాబాయ్" అంది.

ఆయన కూర్చోలేదు. వెనక్కి తిరిగి వీధిలోకి ఒకసారి చూసి, తలుపు దగ్గరగా వేశాడు. చంకలో చుట్ట తీసి బల్ల మీద పరిచాడు. గుడ్డ తొడుగు. ఆమె మర తొడుగుకి రెండింతలుంది. తడిసి ఉంది. మడతల పొడుగునా గులాబీ రంగు చారలు. ఆమె బకెట్లో చూసిన లేత రంగు కాదది, చిక్కటి రంగు.

మరపిల్ల ఆ చారల మీద వేలు పెట్టి చూసింది.

"నిన్న నవ్వాను కదమ్మా నిన్ను చూసి." ఆయన గొంతు ఎక్కడో లోపల ఉంది. "ఇంటికెళ్ళాక నిద్ర పట్టలేదు. ఏమీ ఉండదులే అనుకుంటూనే పొద్దున దీన్ని నీళ్ళలో వేశాను. మా నాన్న పోయాక దీన్ని ఉతికింది లేదు."

"వ్యాన్‌వాడి గింజలు మీ దగ్గరికి ఎంతమంది తెచ్చారు?"

"ఎంతమందా! వీధివీధంతా కొన్నారు. నువ్వు నాలుగు గుప్పిళ్ళు పోశావు. నేను బస్తాలకి బస్తాలు పోశాను. నీ దగ్గర ముగ్గురు. నాకు ఎవరికి పట్టానో కూడా గుర్తులేదు. వచ్చేవాడు వస్తుంటాడు, పోసేవాడు పోస్తుంటాడు, ఎవరి మొహం చూశాను గనక?" బొజ్జ ఎగిసిపడుతోంది. కూర్చున్నాడు. అంత మనిషీ బల్ల కొసన, లేవమంటే లేచేలా కూర్చున్నాడు. "నువ్వు ఇంటింటికీ వెళ్ళావట కదా. అది అడుగుదామని వచ్చాను. గుమ్మంలో నిలబడ్డాక ముందు ఏమన్నావు? మొదటి మాట?"

మరపిల్ల ఆయన్ని చూసింది. ఇన్నాళ్ళూ ఆ బొజ్జని చూసి, ఆ నవ్వుని చూసి జడుసుకుంది. ఇప్పుడు ఆ చేతులు బల్ల అంచుని వదలడం లేదు. ఈ భయం ఆమెకి తెలుసు.

"మాటదేముంది బాబాయ్, ఎలా చెప్పినా చెప్పినట్టే. నేను తప్పు చేసింది మాటలో కాదు. తిట్టరని తెలిసిన ఇంటికి ముందు వెళ్ళాను. ఆలోపు పసిపిల్ల తాగేసింది." ఆగింది. "మీకు ఏ గడప తొక్కాలంటే ప్రాణం పోతుందో, ముందు ఆ గడపే తొక్కండి. అది ఎవరిల్లు? ఆ ఒక్కటీ గుర్తుండే ఉంటుంది."

 ఆయన తొడుగుని మడిచాడు, విప్పాడు.

"కూలి కింద ప్రతివాళ్ళ దగ్గరా దోసెడు పిండి తీసుకుంటాను కదా. అదంతా ఒకే డబ్బాలోకి పోతుంది. ఊళ్ళో అందరి పిండీ అందులో ఉంటుంది." తొడుగు పక్కన పెట్టాడు.  "మా ఇంట్లో తినేది అదే. మా కోడలికి ఏడో నెల."

మరపిల్ల మోటారు స్విచ్చి మీటకి గుడ్డ కప్పింది. చేతులు తుడుచుకుంది. పొద్దున బిగించిన మర వైపు ఒకసారి చూసి, తలుపు తీసింది.

"నువ్వు చెప్పమ్మా" అన్నాడాయన, కూర్చున్నచోటునుంచే. "నేను పక్కన నిలబడతాను. నువ్వైతే చెప్పగలవు."

"కాదు బాబాయ్. మీరే చెప్పాలి. నేను పక్కన నిలబడతాను. లేవండి, ఇవాళ ఇంకెవరూ తినకముందే వెళ్ళాలి."

ఆయన లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు. మరపిల్ల వెళ్ళి చెయ్యి పట్టుకుంది. అప్పుడు లేచాడు.